పితూరి యను మాటయు మన్యపుఁ జెఱయు

తెలుఁగున స్థిరపడిన యన్యదేశ్యములలో "పితూరి" యొకటి. బడిపిల్లవాఁడు తోడివానిపై నుపాధ్యాయునితోఁ జెప్పుకొనునదియుఁ బితూరియే. జనులు ప్రభుత్వముపై నాయుధములు పట్టి లేచుటయుఁ బితూరియే. మా తోట్లవల్లూరిలో నొక విద్యార్థి చరిత్రపాఠమున "రంపపితూరి" యను మాటను జూచి, "అయ్యా, రంపవారు ఎవరిమీఁద పితూరి చెప్పిరండీ?" అని నన్నడిగెను. తోడివారు నవ్విరి. నేనును నవ్వి, అచ్చట నామాటకుఁ దిరుగుబాటని యర్థమని చెప్పి పాఠము సాగించితిని. ఇంటికి వచ్చి యాలోచింపఁగా, నేను చెప్పినది నిఘంటువునకు సరిపడునదియే కాని, చరిత్రకు సరిపడునది యా బాలుని ప్రశ్నయే యని తోఁచినది. ఆ ప్రశ్నకుఁ దగిన యుత్తరమును వెదకుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ఈ శబ్దమునకు మూలము అరబ్బీ. అందు "ఫుతూర్" అనఁగా సడలుట, బలహీనపడుట. హిందూస్థానీలో నది "ఫితూర్" అయి యల్లరి, కలహము అను నర్థములఁ బొందినది. తెలుఁగున ఫకారము పకారమై, శబ్ద మజంతమగుటకై తుద నచ్చు చేరి "పితూరి" యైనది. కచ్చేరీ కాగితములలో దీనికిఁ దిరుగుబాటని యర్థము. ఇంటను, వీథిని, బడిలోను ఫిర్యాదని యర్థము. ఒక్క మాటకు నిట్లు రెండర్థములు కలుగుట శబ్దశాస్త్రమున వింత కాదు. కాని మన్యపుఁ బితూరుల విషయమున నీ రెండర్థములును వేఱువేఱు సంగతులను దెలుపక, యొక్క సంగతినే రెండు వైపులనుండి తెలుపుచున్నవి. అధికారి తిరుగుబాటని వ్రాసికొన్నది కొండవానికి మొఱ. ఆ మొఱ మొదట వినఁబడలేదు, పిదప నాయుధమైనది, మొఱపెట్టినవాఁడు చెఱసాలఁ జేరెను, వాఁడు చెఱసాలఁ జేరిన తరువాత, మొఱ న్యాయమైనదే యని పాలకులే యొప్పుకొనిరి. ఈ క్రమమును జరిత్రలోఁ జూపఁ బ్రయత్నించెదను.

గోదావరికి నుత్తరమునఁ జోడవరము, అడ్డతీగల, రాజవొమ్మంగి మొదలు చింతపల్లి, గూడెము వఱకు వ్యాపించిన కొండసీమను మనవారు మన్యమందురు. కోయలు, కొండరెడ్లు, కొండదొరలు, భగతలు, వాల్మీకులు మున్నగువారు అచ్చటి వాసులు. వీరి జీవనమున నాచారమును వృత్తియు వేఱుపఱుప రానివి. కొండవాలున నడవిని గొట్టి కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి పండించుటకుఁ బోడు అని పేరు. అది సేద్యము మాత్రము కాదు. ఎప్పుడు కొట్టవలెను, ఎప్పుడు విత్తవలెను, క్రొత్తపంటను ఎవరికి మొదట నివేదింపవలెను అనునవి యన్నియుఁ గట్టుబాటులో నున్నవి. కొత్తల పండుగ జరుగక క్రొత్తధాన్యము నోటఁ బెట్టరు. చైత్రమున నిటుకల పండుగనాఁడు ఊరి మగవారందఱును గలసి వేఁటకుఁ బోవుదురు. జీలుగుచెట్టు కల్లు వారికి మత్తుపానము మాత్రము కాక, వేసవిలోఁ బొట్ట నింపునదియు, బంధుత్వములను గలుపునదియు నై యుండెను. కొన్ని పల్లెలు చేరిన సీమకు ముఠా యనియు, దాని పెద్దకు ముఠాదారనియుఁ బేళ్లు. ముఠాదారు పన్ను గట్టువాఁడే కాక తగవు తీర్చువాఁడును.

ఇట్టి జనులకుఁ బోడు నేరమైనది; వేఁట నేరమైనది; కల్లుగీఁత నేరమైనది. మనిషి నేరము చేయుటవేఱు, మనిషి తాతతండ్రులనాఁటి నుండి చేయుచున్నది యొకనాఁడు నేరమని ప్రకటింపఁబడుట వేఱు. మన్యపుఁ జెఱను గుఱించి విచారించువారు మొట్టమొదట నీ భేదమును మనసున నుంచుకొనవలెను.

మొదటి నిదర్శనము 1879 వ సంవత్సరపు రంపపితూరి. రంప మున్సబుదారుఁడు ముఠాదారులకడఁ గప్పముఁ గొనుచు, ప్రభుత్వమున కేమియుఁ జెల్లింపక నేలుచుండెను. అతఁడు ముఠాదారుల భూములను లాగికొనుచు, కల్లుగీఁతపైఁ జిగురుపన్ను పేర సొమ్ము రాఁబట్టుచు వచ్చెను. ఇంతలో మదరాసు ప్రభుత్వమువారు క్రొత్త యబ్కారీ చట్టమును దెచ్చి, ఇంటి వాడుకకైనను గల్లు గీయరాదని నిషేధించి, ఆ హక్కును గుత్తదారుల కిచ్చిరి. మున్సబుదారుఁడు దీనిని సాకుగాఁ గొని "మొదలుపన్ను" అను మఱియొక భారమును మోపెను. అదే కాలమునఁ బల్లపు వర్తకులు కొండవారికి సరకు లప్పిచ్చి, పత్రములు వ్రాయించుకొని, దూరపు సివిలుకోర్టులలో వ్యాజ్యములు వేసి, ప్రతివాది రానందున నేకపక్షముగాఁ దీర్పులు పొంది, పశువులను ధాన్యమును జప్తు చేయించిరి. సమను లనఁగా నేమో యెఱుఁగనివాఁడు, కోర్టున్న యూరిఁ జూడనివాఁడు, తన ముంగిట నమీనా నిలిచిననాఁడు తనకు శిక్షపడినదని యెఱిఁగెను. ఈ వర్తకులును, ఈ గుత్తదారులును, ఈ యమీనాలును మన తెలుఁగుపల్లములవారే యనుట మనము కప్పిపుచ్చుకొనరాని విషయము.

1879 మార్చి నెలలోఁ జోడవరపు సీమలోఁ బితూరి లేచినది. అది భద్రాచలము, గొలుగొండ సీమలకుఁ బ్రాఁకినది. అడ్డతీగల ఠాణా తగులఁబడినది. నాయకులలో ద్వారబంధాల చంద్రయ్యయు, కారం తమ్మన్నదొరయు ముఖ్యులు. ఇరువురును 1880 లోఁ జంపఁబడిరి. పట్టువడినవారిలోఁ బలువు రండమానుదీవులకుఁ బంపఁబడిరి. అంతటితోఁ గథ ముగిసిన దనుకొందుము. కాని ప్రభుత్వము రెవిన్యూబోర్డు సభ్యుఁడైన సలివను దొరను విచారణకుఁ బంపఁగా, మున్సబుదారుని దౌర్జన్యమును, అబ్కారీ గుత్తయు, వర్తకుల వ్యాజ్యములును బితూరికిఁ గారణములని తేలినది. మున్సబుదారీ తీసివేయఁబడెను, మున్సబుదారుఁడు గంజాముసీమలోని గోపాలపురమున రాజబందీగా నుంచఁబడెను, ముఠాదారులకుఁ బ్రభుత్వమే నేరుగా సనదు లిచ్చెను. అనఁగా మొఱ నిజమని తేలినది. కాని తేలునప్పటికి మొఱపెట్టినవారు కొందఱు మంటిలోను, కొందఱు సముద్రమునకు నావలను నుండిరి. ఒకే పితూరిలో నేరము చేసినవాఁడును, దానిని జెప్పుకొన్నవాఁడును గూడఁ జెఱలోనే యుండుట యెంత విపరీతము!

ఈ పాఠము పాలకులకు నిలిచినది కాదు. 1882 వ సంవత్సరపు మదరాసు అటవీచట్టముచే నడవులు క్రమముగా రిజర్వు చేయఁబడెను. రిజర్వు గీఁత లోపల గొడ్డలి పెట్టుట, పశువులను దోలుట, పోడు కొట్టుట దండనార్హము లయ్యెను. ఇఁక న్యాయస్థానముల సంగతి యొకటి గమనింపఁదగినది. 1839 వ సంవత్సరపు 24 వ చట్టముచే విశాఖపట్టణ, గంజాము కొండసీమలు సాధారణ న్యాయస్థానములనుండి తప్పింపఁబడి గవర్నరుగారి యేజెంటు చేతిలోఁ బెట్టఁబడెను. 1874 లో వచ్చిన షెడ్యూల్డు జిల్లాల చట్టమును ఇట్టి ప్రత్యేకపాలననే విస్తరింపఁజేసెను. కొండవారిని గాపాడుటకే యీ వేర్పాటని చెప్పఁబడినది. 1917 లోఁ గొండవారి భూములు పల్లపువారి చేతికిఁ బోకుండ నొక చట్టమును జేసిరి, అది మేలైనదే. కాని విచారించువాఁడును, దండించువాఁడును, పరిపాలించువాఁడును నొక్కఁడే యైనచోట నాతనిమీఁదనే మొఱ పెట్టవలసివచ్చినవాఁ డెవరికడకుఁ బోవలెను?

ఈ ప్రశ్న 1922 లో గూడెమున నెదురయ్యెను. అచ్చటి డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్, నర్సీపట్టణమునుండి కొండలపైకి వేయించు బాటపనిలోఁ గొండవారిచే బలవంతముగాఁ జాకిరి చేయించె ననియు, నిర్ణయింపఁబడిన కూలి వారి చేతి కందలే దనియు నపవాద ముండెను. అతనితో విరోధపడినవారిలో బట్టిపనుకుల గ్రామపు మునసబు గాం గంటందొర యొకఁడు. గంటందొర పదవి పోయెను. అతని తమ్ముఁడు గాం మల్లుదొర. పల్లమునుండి వచ్చి వారి నడుమ సన్న్యాసివలె నుండిన యల్లూరి సీతారామరాజు వీరికి నాయకుఁడయ్యెను.

1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి ఠాణాలు వారి వశమయ్యెను. మూఁటను గలిపి 26 తుపాకులును, 2,500 లకుఁ బైగా తూటాలును జిక్కెను. చరిత్రపాఠములందు తుపాకుల లెక్కయే తఱచుగా నుండును. రాజవొమ్మంగిలో జరిగిన మఱియొక పనిని నేను ముఖ్యముగా నెంచుదును. లాగరాయి పితూరిలోఁ బాల్గొన్న మొట్టడం వీరయ్యదొర యా ఠాణాలో బందీగా నుండెను. వచ్చినవారు తుపాకులతోపాటు వీరయ్యదొరనుగూడ విడిపించి కొనిపోయిరి. తుపాకి యుద్ధమునకుఁ గావలసినది. బందీని విడిపించుట మాత్రము యుద్ధావసరము కాదు. "ఇతఁడు నేరస్థుఁడు కాఁడు" అని చేసిన ప్రకటనము. గత పితూరి మొఱకు నీ పితూరి యుత్తరమైనది.

ఇచ్చట మనశాస్త్రములలోని యొక విషయము స్మరణకు వచ్చుచున్నది. కౌటిల్యుఁ డర్థశాస్త్రమునఁ బదుమూఁడవ యధికరణము చివర లబ్ధప్రశమన మను ప్రకరణమున, క్రొత్తగా వశమైన దేశమున రాజెట్లు మెలఁగవలెనో విధించెను. ఆ దేశపువారి శీలమును, వేషమును, భాషను, ఆచారమును రాజు తానును గైకొనవలె ననియు, వారి దేవతలయందును, ఉత్సవములయందును భక్తి చూపవలె ననియుఁ జెప్పి, ఆ ప్రకరణముననే బందీల నందఱను విడిచిపెట్టవలె నని విధించెను. మనువును ఎనిమిదవ యధ్యాయమున జాతిధర్మములను, జనపదధర్మములను బరిశీలించి రాజు ధర్మనిర్ణయము చేయవలె నని చెప్పెను. ఆచారమును మన్నించుటయుఁ జెఱను దెఱచుటయు నొక్కచో విధింపఁబడుట యాదృచ్ఛికము కాదని నా యభిప్రాయము. ఆచారమును మన్నింపని రాజ్యమునఁ జెఱసాలలు నిండకతప్పదని కౌటిల్యుఁడు, కఠినహృదయుఁడనఁబడిన కౌటిల్యుఁడే, యెఱిఁగి యుండెను.

మన్యమున జరిగినది దీనికి విపరీతము. 1922 సెప్టెంబరు 24 న దామనపల్లికడ స్కాటు కవర్డు, హైటరు అను దొరలిద్దఱు చంపఁబడిన పిమ్మట నణఁచివేఁత తీవ్రమైనది. మలబారు ప్రత్యేకపోలీసులును, తరువాత నస్సాము రైఫిల్సు దళమును దెప్పింపఁబడెను. పితూరిదారులకు నన్నము పెట్టినవారును, దారి చూపినవారును, ఏమియుఁ జెప్పనివారును నిర్బంధముల పాలైరి. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టువడెను. 1924 మే 7 న సీతారామరాజు కాల్చి చంపఁబడెను. ఒక నెలకు గంటందొరయు మరణించెను. మల్లుదొరకు మరణదండన విధింపఁబడి, పిదప నది ద్వీపాంతరవాసముగా మార్పఁబడెను. అతఁడు పదుమూఁడేండ్లకుఁ బైగాఁ జెఱ యనుభవించెను. సహచరులలో నగ్గిరాజును అండమానునకుఁ బంపఁబడెను. కొండగాలిలోఁ బుట్టి, గోడ యనఁగా వెదురుతడికయే యని యెఱిఁగినవానికి రాతిగదిలో నొంటిచెఱ యెట్టిదో యూహించుకొనవచ్చును.

ఇచ్చట నొక పూర్వపక్షము కలదు. "వీరు ఠాణాలను దోఁచిరి, మనుష్యులను జంపిరి. ఇట్టివారిని ఏ ప్రభుత్వము దండింపక యుండును? వీరి చెఱను ఆచారరక్షణకొఱకుఁ బడిన చెఱ యనుట కవితాలంకారము కాదా?" అని. ఈ యాక్షేపము త్రోసివేయఁదగినది కాదు. చనిపోయినవారిలో జీతమునకుఁ గొలువు చేసిన పేద సిపాయిలును గలరు. ముఠాదారు లందఱును బ్రజలను గన్నబిడ్డలవలెఁ జూచిరనుటయు నిజము కాదు. కొండవారిలోఁ గొందఱు ప్రభుత్వపక్షముననే నిలిచిరి. మహాత్మాగాంధియు 1929 లో యంగ్ ఇండియాలో వ్రాయుచు, సీతారామరాజు ధైర్యత్యాగములను శ్లాఘించియు, సాయుధమార్గమును మాత్రము మెచ్చుకొనఁడయ్యెను.

దీనికి సమాధానము: దండన సాధువో కాదో యనుట యొక విచారము, దండనకు ముందు జరిగినదేమి యనుట మఱియొక విచారము. మన పాఠపుస్తకములు మొదటిదానితోనే తృప్తిపడుచున్నవి. 1879 లోఁ గల్లు, 1922 లోఁ జాకిరి, రెండింటను పోడు భూమి, కారణములు పునరుక్తములు. మొఱ వినుటకుఁ జోటుండిన నాయుధమున కవసరము తగ్గి యుండెడిదని 1880 నాఁటి విచారణయే సూచించుచున్నది. మఱియును, ఆయుధము పట్టనివాఁడుకూడఁ బోడు కొట్టినందుకు జరిమానాయు, జరిమానా కట్టలేనందుకు ఖైదును బొందుచుండెనని మఱవరాదు. పితూరిదారుని చెఱ పెద్దది. వీని చెఱ చిన్నది. కాని రెండింటికిని గారణ మొక్కటే.

మన్యము దూరమని కృష్ణాతీరవాసులు తలఁపవలదు. మా యూరికి నెగువను, బెజవాడ కెదురుగా, ఆవలి యొడ్డున సీతానగరమున్నది. అచ్చటను, బాపట్లకడ స్టూవర్టుపురమునను, ఎఱుకలవారిని నిర్బంధించి యుంచిన నివేశములు సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున నుండెడివి. ఎఱుకలవారు పూర్వము పశువులపై నుప్పును ధాన్యమును వేసికొని తీరమునుండి లోపలి సీమలకుఁ దిరుగుచు వర్తకము చేసిన సంచారులు. ఉప్పు ప్రభుత్వపు గుత్తయై, రైళ్లు వచ్చిన పిమ్మట వారి వృత్తి చెడినది. వృత్తి చెడినను సంచారము నిలిచినది. ఆ సంచారమే యనుమానమునకుఁ గారణమై, 1871 లోఁ బుట్టి 1911 లో మన రాజధానికిఁ జాలించఁబడిన నేరజాతుల చట్టము వారి జాతి నంతటిని నేరస్థులఁ జేసినది. పుట్టుకయే నేరమైనప్పుడు విచారణ యెందులకు? ఆ చట్టము మదరాసు రాష్ట్రమున 1947 లోను, దేశమంతట 1952 లోను రద్దయ్యెను. ఉత్తరమునను నిదియే కథ. ఛోటానాగపురపు ముండాజాతివారి భూమికై, మతాచారములకై నిలిచిన బిర్సాముండా 1895 లో నొకమాఱు చెఱ యనుభవించి, మఱల పట్టువడి, 1900 జూను 9 న రాంచీ చెఱలోనే మరణించెను. ముండాల భూముల హక్కులను గుర్తించు కౌలుచట్టము 1908 లో వచ్చినది. ఎనిమిదేండ్లు ముందు వచ్చియుండిన నా చెఱతో నేమి పని?

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952 లో జరిగిన మొదటి సార్వత్రికమైన యెన్నికలలో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు లంకా సుందరముగారితోపాటు గాం మల్లుదొరయు నెన్నుకొనఁబడెను. ఉరిశిక్ష పడినవాఁడు శాసనములు చేయు సభలోఁ గూర్చుండెను. ఈ సంగతి మన పిల్లలలో నెంతమంది కెఱుక? కృష్ణామండలపు దేశభక్తులు 1930 లోఁ జెఱకుఁ బోయివచ్చిన సంగతులను మనము గౌరవముతోఁ జెప్పుకొందుము, చెప్పుకొనవలసినదే. వారికిఁ జదువు కలదు. చెఱలోనుండి లేఖలు వ్రాసిరి, వచ్చి స్వీయచరిత్రలు వ్రాసిరి. మన్యపు బందీలకుఁ గాగిత మలవాటు లేదు. వారిని గుఱించి మిగిలిన వ్రాఁత యంతయు వారిని బట్టుకొన్నవారు వ్రాసినదే. కావుననే మనకుఁ బితూరి యను పదమున కొక్క యర్థమే మిగిలినది.

తుదకు 2006 లో నటవీహక్కుల చట్టమును జేయుచు, అడవులలో వసించు జాతులకుఁ జరిత్రలో నన్యాయము జరిగినదని పార్లమెంటు ఆ చట్టపు టుపోద్ఘాతముననే యొప్పుకొన్నది. చంద్రయ్యయు, తమ్మన్నదొరయు మరణించిన 126 ఏండ్లకు వచ్చిన తీర్పిది. 2022 ఏప్రిలు 4 న పాడేరు కేంద్రముగా నల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడినది. నాయకుని పేరు పటమున కెక్కినది, సంతోషము. వీరయ్యదొర, గంటందొర, మల్లుదొరల పేర్లు పాఠమునకైన నెక్కవలెను గదా!

బడిపండితులకు నా విన్నప మిది. "పితూరి" యను మాటను పుస్తకములనుండి తీసివేయ నక్కఱలేదు. శబ్దమునకుఁ బాపము లేదు. పాఠమున నా మాట వచ్చినచోట రెండర్థములనుగూడఁ జెప్పి, ముందు మొఱ యేదో చెప్పి, పిదపఁ దిరుగుబాటును జెప్పవలెను. నన్నడిగిన యా విద్యార్థికి మఱునాఁడు నేను తరగతిలోనే యుత్తరము చెప్పితిని: "నాయనా, రంపవారు మున్సబుదారునిమీఁద, గుత్తదారునిమీఁద, వర్తకునిమీఁద పితూరి చెప్పిరి. వినవలసినవాఁడు వినలేదు. చెప్పినవారిని జెఱలోఁ బెట్టి, తరువాత నిజమే ననెను." ఈ మాఱు పిల్లలు నవ్వలేదు.